పిన్‌కోడుకు మాతృభాష ఉంటుందా?

మన సంఘాల వార్షిక సభల్లో చదివే తీర్మానాల పట్టికలోకి ఈ మధ్య ఒక కొత్త వాక్యం వచ్చి చేరింది. "కంప్యూటర్లలోనూ, సెల్‌ఫోన్లలోనూ, బ్యాంకు యంత్రాలలోనూ తెలుగును ప్రవేశపెట్టాలని ఈ సభ ప్రభుత్వాన్ని కోరుచున్నది." కార్యదర్శి చదువుతారు, సభ చప్పట్లు కొడుతుంది, తరువాత అందరం భోజనాలకు లేస్తాం. బళ్ళారి అయినా, బరంపురం అయినా, షోలాపూర్ అయినా వాక్యం మారదు. ఈ వాక్యాన్ని ఇక మీదట చదవవద్దని కోరడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. చదివినందువల్ల నష్టమేముంది అంటారేమో. ఉంది. అడగవలసినది అడగకుండా, ఇచ్చినదాన్నే మళ్ళీ అడిగితే, ఇవ్వవలసినవాడు "అది ఎప్పుడో ఇచ్చేశాం కదండీ" అని సుఖంగా తప్పుకుంటాడు.

నిజంగానే ఇచ్చేశారు. 1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తన వెంట గౌతమి అనే తెలుగు ఖతిని తెచ్చింది. అంతకు ముందే అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయపు తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసుకునే పద్ధతి ఒకటి కట్టుకున్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన పేర్లతో ఖతులు చేసి ఉచితంగా పంచిపెట్టారు. ఇవాళ సంతలో కొన్న మామూలు స్మార్ట్‌ఫోన్‌లో కూడా తెలుగు ఉంటుంది. కనుక "ప్రవేశపెట్టాలి" అన్న మాటకు ఇప్పుడు అర్థం లేదు. ప్రవేశించిన తెలుగును సరిహద్దు దగ్గర ఆపేస్తున్నది ఎవరు అన్నదే అడగవలసిన ప్రశ్న.

మా వైపు కథే చెబుతాను. కుప్పంలో ఒక బ్యాంకు ఎటిఎం ఉంది. కార్డు పెట్టగానే తెలుగా, హిందీయా, ఇంగ్లీషా అని మర్యాదగా అడుగుతుంది. అక్కణ్ణుంచి బస్సెక్కి కృష్ణగిరి వస్తే అదే బ్యాంకు, అదే తయారీ యంత్రం, అదే రంగు తెర. ఇక్కడ తమిళమా, హిందీయా, ఇంగ్లీషా అంటుంది. తెలుగు ఏమైంది? దారిలో బస్సులోంచి జారిపడిందా? లోపలికి వెళ్ళి మేనేజరు గారిని అడిగాను. ఆయన మంచివాడే, ఓపిగ్గా చెప్పాడు. "సిస్టంలో అన్నీ ఉంటాయి సార్. రాష్ట్రాన్ని బట్టి మూడు కనబడతాయి. ఇది తమిళనాడు కదా." అంటే తెలుగు ఆ బ్యాంకు దగ్గరే ఉంది. తర్జుమా చేయించారు, డబ్బు పోశారు, పరీక్షించారు, దాచిపెట్టారు. నా కార్డు ఆ యంత్రం లోపలికి పోయిన క్షణాన నేనెవరో, నా ఖాతా ఏదో, నా దగ్గర ఎంత బాకీ రావాలో, అన్నీ దానికి తెలుస్తాయి. నా భాష ఏదో మాత్రం నన్ను అడగకుండా నేల నడిగి తెలుసుకుంటుంది.

భాష మనిషికి ఉంటుంది గాని నేలకు ఉండదు. ఇంత చిన్న సంగతిని కంప్యూటరు తెర గీసేవాళ్ళు మరిచిపోవడానికి కారణం వాళ్ళ దుర్మార్గం కాదు, సోమరితనం. ఫారంలో రాష్ట్రం గడి ఎలాగూ ఉంది, దాన్నిబట్టి భాష తేల్చేస్తే ఒక ప్రశ్న తగ్గుతుంది. ఆ సోమరితనం యానాంలో ఎంత వింతగా బయటపడుతుందో చూడండి. యానాం పాలన రీత్యా పుదుచ్చేరిలో భాగం. గడిలో పుదుచ్చేరి అని నొక్కితే, రాష్ట్రాన్ని బట్టి భాష తేల్చే తెర తమిళం ముందు పెడుతుంది. యానాంలో ప్రజల భాష తెలుగు, అక్కడి వ్యవహారాలకు తెలుగు వాడవచ్చని 1965 నాటి అధికార భాషల చట్టమే చెబుతోంది. తపాలా శాఖవారిని మెచ్చుకోవాలి. 1972లో పిన్‌కోడు పెట్టినప్పుడు వాళ్ళు యానానికి పుదుచ్చేరి 605 ఇవ్వలేదు, చుట్టూ ఉన్న గోదావరి ఊళ్ళతో కలిపి 533464 ఇచ్చారు. ఉత్తరం ఏ దారిన పోతుందో ఆ దారినే అంకె వేశారు. పాలనలో పటం ఒకటి, బతుకులో పటం ఇంకొకటి అని టపా బంట్రోతుకు అర్ధ శతాబ్దం కిందటే తెలిసిన విషయం, లక్షల జీతాలు తీసుకునే వారికి ఇంకా తెలియలేదు. అలాగని పిన్‌కోడును బట్టి భాష తేల్చమని నేననడం లేదు. అలా తేలిస్తే యానానికి మేలు జరిగి హోసూరుకు కీడు జరుగుతుంది. మనిషిని అడగండి అంటున్నాను.

అడగడానికి కొత్త యంత్రం కూడా అక్కర్లేదు. 1997లో ఖరారైన హెచ్‌టిటిపి 1.1 పద్ధతిలోనే ఈ ఏర్పాటు ఉంది. మన బ్రౌజరు ఏ పేజీని అడిగినా వెంట ఒక చీటీ పంపుతుంది. "నా యజమాని మొదట తెలుగు చదువుతాడు, అది లేకపోతే కన్నడం, అదీ లేకపోతే ఇంగ్లీషు" అని వరుసక్రమంతో సహా అందులో ఉంటుంది. ఎంత చక్కని ఏర్పాటు! బెంగుళూరులో ఉన్న తెలుగువాడి మనసు తెలిసినవాడెవడో రాసినట్టుంటుంది. ఆ చీటీ చదివేవాడు లేడు. చాలా సంస్థల పేజీలు ఆ చీటీని చెత్తబుట్టలో వేసి, మన కనెక్షన్ ఏ ఊరి నుంచి వస్తున్నదో చూసి, ఆ ఊరి భాష మన ముఖాన పెడతాయి.

ఇక సర్కారు వారి గడపకు వద్దాం. రాజ్యాంగం 350వ అధికరణం చిన్నది, సూటిది. ఏ వ్యక్తి అయినా తన కష్టం తీర్చమని కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని ఏ అధికారికైనా, అక్కడ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. తెలుగులో అర్జీ రాసి కలెక్టరాఫీసులో ఇచ్చే హక్కు మనకు కాగితం మీద అప్పటినుంచీ ఉంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన వేళ తయారైన రక్షణల పత్రం ఇంకొక మాట కూడా చెప్పింది. ఏ తాలూకాలో గాని, మున్సిపాలిటీలో గాని భాషా అల్పసంఖ్యాకులు 15 నుంచి 20 శాతం ఉంటే, ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలోనూ వెయ్యాలని. కాగితం రోజుల్లో ఈ హక్కులు ఎంతవరకు అమలయ్యాయో మనందరికీ తెలుసు. అయినా కాగితానికి ఒక గుణముంది. అది ఏ లిపినైనా మోస్తుంది. గుమాస్తా విసుక్కోవచ్చు, పక్కన పడెయ్యవచ్చు, కాని కాగితం తనంతట తాను నా అక్షరాన్ని వెనక్కి నెట్టదు.

కంప్యూటరు నెడుతుంది. ఒక కార్యాలయం వారి ఫిర్యాదు పేజీలో మా వీధి మురుగు కాలువ గురించి తెలుగులో నాలుగు వాక్యాలు రాసి పంపబోయాను. ఎర్ర అక్షరాలలో ఇంగ్లీషున జవాబు వచ్చింది. "స్పెషల్ క్యారెక్టర్లు అనుమతించబడవు." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 8 కోట్ల మంది మాతృభాషగా రాయించుకున్న భాషలోని అకారాదిక్షకారాంతం ఆ గడి దృష్టిలో నక్షత్రం గుర్తు, డాలరు గుర్తుల జాతికి చెందిన "ప్రత్యేక చిహ్నాలు". ఆ నియమం పెట్టినవాడు 350వ అధికరణాన్ని రద్దు చేయాలనుకుని ఉండడు. హాని చేసే రాతలు రాకుండా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తప్ప మిగతావి ఆపమని ఒక పంక్తి రాశాడు, టీ తాగడానికి వెళ్ళాడు. పార్లమెంటులో మూడింట రెండు వంతుల బలం లేకుండా ఎవరూ చేయలేని పని ఆ ఒక్క పంక్తి చేసింది. ఈ ఒక్క విషయం మీద మన సంఘాలు కోర్టు మెట్లెక్కినా తప్పులేదని నా అభిప్రాయం.

కోర్టు మాట వచ్చింది గనుక చెబుతున్నాను. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆమ్ల దాడులకు గురై ముఖం, కళ్ళు దెబ్బతిన్నవారు, చూపులేనివారు వేసిన వ్యాజ్యాలవి. ఫోను కెమెరా ముందు కన్ను ఆర్పి తాను బతికున్నట్టు రుజువు చేసుకుంటే తప్ప బ్యాంకు ఖాతా తెరవనివ్వని పద్ధతి మీద వాళ్ళు వెళ్ళారు. కన్ను ఆర్పలేనివాడు బతికి లేనట్టేనా? ఈ కాలంలో ఇలాంటి సేవలు అందుకోగలగడం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమేనని కోర్టు అన్నది. ఆ తీర్పులో బయట మిగిలిపోతున్న వారిని చెబుతూ పల్లెవాసులు, వృద్ధులు, పేదలతో పాటు భాషా అల్పసంఖ్యాకులను కూడా పేరు పెట్టి చేర్చారు. మన పత్రికలు, మన సంఘాలు ఆ మాటను పట్టుకున్న జాడ నాకు కనబడలేదు. చూపులేనివారి సంఘాలు పోరాడి తెచ్చుకున్న దానిలో మనకూ ఒక వాటా పెట్టారు. కనీసం తీసుకోవడానికైనా చెయ్యి చాపాలి కదా.

వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవలసింది ఇంకా ఉంది. 2014 జూలై నుంచి కొత్తగా పెట్టే ఎటిఎంలన్నీ మాట్లాడాలనీ, బ్రెయిలీ మీటలు ఉండాలనీ రిజర్వు బ్యాంకు ఆదేశించింది. వాళ్ళు అడిగారు కాబట్టే ఆ యంత్రానికి నోరు వచ్చింది. మా వీధిలో ఒక అవ్వ ఉంది. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, రెండూ గలగల మాట్లాడుతుంది, రెండూ చదవలేదు. పింఛను డబ్బు తియ్యాలంటే కార్డు, దానితో పాటు పిన్ నంబరు, టీకొట్టు పిల్లవాడి చేతిలో పెడుతుంది. ఒకసారి ఐదు వందలు తక్కువ తెచ్చాడు. "అడగలేదా అవ్వా?" అంటే, "అడిగితే రేపు వాడు రాడు నాయనా. ఆ పెట్టె నాతో మాట్లాడదు. వాడు మాట్లాడతాడు" అంది. ఆ అవ్వకు మన తీర్మానం ఏం చేస్తుంది? రేపు ఆ తెర మీద ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు వచ్చినా ఆమెకు అవి చీమలే. ఆమెకు కావలసింది తెలుగు పలికే యంత్రం. ఆ నోరు ఇప్పటికే అక్కడుంది. చెవికి తీగ తగిలించుకుంటే తప్ప వినబడదు, తగిలించుకున్నా ఆమె భాష ఎత్తదు.

కూరగాయల బండి మీద "ఇరవై రూపాయలు వచ్చాయి" అని అరిచే చిన్న డబ్బా చూడండి. అది దేశంలో జరిగిన మంచి పనుల్లో ఒకటి. బండివాడు చేతులు తడిగా ఉన్నా, ఫోను జేబులో ఉన్నా, చదువు రాకపోయినా, డబ్బు వచ్చిందో లేదో చెవికి తెలుస్తుంది. పైగా దానిలో భాష దుకాణదారు ఇష్టం, ఊరి ఇష్టం కాదు. బెంగుళూరులో ఆ డబ్బా తెలుగులో పలకగా విన్నాను, కొన్నది తమిళుడి దుకాణంలో! ఆయన ఆడవాళ్ళది చిత్తూరట. లాభం ఉన్నచోట కంపెనీలకు మనిషి భాష అడగడం చక్కగా వచ్చు.

ఇప్పుడు మన ఇంటి గొడవకు వస్తాను. తెలుగు అంటే తెలుగు లిపి అని హైదరాబాదులో కూర్చున్నవారు అనుకుంటే క్షమించవచ్చు. మనం అనుకోకూడదు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇంట తెలుగు మాట్లాడే కుటుంబంవారు. తెలుగువాళ్ళు దక్షిణానికి వలసపోయిన కథను నవలగా రాశారు, ఆ వరుసలోని నవలకే 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. రాసింది తమిళంలో. 2021లో ఆయన కన్నుమూసినప్పుడు మనవాడని మనమూ రాసుకున్నాం, న్యాయమే. ఆయన నేలలో ఇవాళ్టికీ లక్షల మందికి తెలుగు చెవికి తెలుసు, నోటికి తెలుసు, కంటికి తెలియదు. 2006లో తమిళనాడు తమిళాన్ని అన్ని బళ్ళలో తప్పనిసరి చేస్తూ చట్టం చేశాక తెలుగును బడిలో చదివే దారి మరీ ఇరుకైంది. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారు 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షల పైన, మహారాష్ట్రలో 13 లక్షలు. వీరిలో తెలుగు లిపి కూడబలుక్కోకుండా చదవగలవారు ఎందరుంటారో మీ ఇంట్లో పిల్లల్ని పిలిచి చూసుకోండి.

కాబట్టి తెర మీద ప్రశ్నలు రెండు ఉండాలి. ఏ భాష? ఏ లిపి? తెలుగు భాష, తమిళ లిపి. తెలుగు భాష, కన్నడ లిపి. తెలుగు భాష, ఒడియా లిపి. ఈ మాట అనగానే మన పండితులు కొందరు చెవులు మూసుకుంటారు, లిపి పోతే భాష పోయినట్టే అంటారు. అయ్యా, చెన్నపట్నంలో త్యాగరాజస్వామి కీర్తనల పుస్తకాలు ఎన్ని తరాలుగా ఏ లిపిలో అమ్ముడుపోతున్నాయి? తమిళ లిపిలో. తమిళంలో గ, ఘలకు వేరే అక్షరాలు లేవని 'క' పక్కన చిన్న అంకెలు వేసి, రెండు అంటే ఖ, మూడు అంటే గ, నాలుగు అంటే ఘ అని పాడేవాళ్ళకు నేర్పారు. స్వామి తెలుగు చెడలేదు. అచ్చుకూటం వాళ్ళు సీసపు అక్షరాలతో చేసిన పని ఇవాళ కంప్యూటరుకు కష్టమా?

కష్టం కాదని సాంకేతికంగానే చూపిస్తాను. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఇస్కీ అనే సంకేత పట్టికను ప్రమాణంగా నిలబెట్టింది. మన లిపులన్నీ ఒక తల్లి పిల్లలే గనుక, అన్నిటికీ ఒకటే అంకెల వరుస అందులో పెట్టారు. 'క' ఏ లిపిలోనైనా అదే అంకె. లిపి మార్చాలంటే రాతను ముట్టుకోనక్కర్లేదు, వేషం మారిస్తే చాలు. యూనికోడ్ లిపులను విడదీసింది గాని ఆ వరుసను చెరపలేదు. ఒక్కో లిపికి 128 గళ్ళ అర ఇచ్చింది. తెలుగు 'క' 3093వ స్థానంలో ఉంటే, సరిగ్గా 128 అవతల, 3221లో కన్నడ 'క' ఉంది. 128 ఇవతల, 2965లో తమిళ 'క' ఉంది. హిందీ 'క' 2325, అంటే ఆరు అరల వెనక. కూడిక, తీసివేత వచ్చిన పిల్లవాడు తెలుగు వాక్యాన్ని కన్నడ లిపిలోకి దించగలడు. తమిళానికి మాత్రం ఆ కీర్తనల పుస్తకాల అంకెల ఉపాయం కలపాలి. ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికా అంతే, 'క' మీట అన్ని లిపులకూ ఒకటే. మన దేశపు ఇంజనీర్లు ఎనభైల్లో, తొంభైల్లో ఇంత ముందుచూపుతో ఇల్లు కట్టి పెట్టారు. తరువాత వచ్చినవాళ్ళు అందులో గదికో తాళం వేసుకుని కూర్చున్నారు.

తెలుగు కనబడే చోట్ల కూడా అది ఎలా కనబడుతున్నదో చెప్పాలి. తెర మీద మీటలన్నీ ఇంగ్లీషు అక్షరం ఎత్తును బట్టి కోస్తారు. ఇంగ్లీషు అక్షరం గీత మీద నిలబడుతుంది, మనది గీత కింద ఒత్తులు వేలాడదీస్తుంది. 'స్త్రీ' అని రాసి చూడండి. చాలా మీటల్లో కింది ఒత్తు తెగిపోతుంది. మన వాక్యం ఇంగ్లీషు వాక్యం కంటే పొడుగు, అందుకని చివర మూడు చుక్కలు పెట్టి మింగేస్తారు. 'రద్దు...' అని ఉంటే దేన్ని రద్దు చేస్తుందో దేవుడికెరుక. 'లక్ష్మి' అన్న పేరు మన కంటికి రెండక్షరాలు. యంత్రం లెక్కలో ఏడు సంకేతాలు, నిలవ చేసేటప్పుడు ఒక్కో సంకేతానికి మూడు బైట్లు, వెరసి 21. పేరుకు 20 బైట్లు చాలునని గడి గీసినవాడి ఇంట్లో లక్ష్మి అనేవారు లేరు కాబోలు. ఇంగ్లీషులో ఎస్సెమ్మెస్ 160 అక్షరాలు, తెలుగులో రాస్తే 70 సంకేతాలు. అవి కూడా పైన చెప్పిన లెక్కన ఖర్చవుతాయి. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లు ఒక తెలుగు అక్షరాన్ని చూసి కుప్పకూలిపోయాయి, మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మామూలు 'జ్ఞా' కాదు, మధ్యలో కంటికి కనబడని ఒక విభజన సంకేతం పడిన 'జ్ఞా'. వార్తల్లో అందరూ నవ్వుకున్నారు. అంత డబ్బున్న సంస్థ, అమ్మకానికి పెట్టే ముందు తెలుగును ఎంతమాత్రం పరీక్షించిందో ఆ అక్షరం లోకానికి చెప్పింది. వారం పది రోజుల్లో సరిచేశారు, అది వేరే సంగతి.

ఇవన్నీ దాటాక ద్వారపాలకుడు ఒకడుంటాడు. వంకర టింకర ఇంగ్లీషు అక్షరాలు చూపించి, చదివి కొట్టు, నువ్వు మనిషివో మరయంత్రానివో తేలుస్తాను అంటాడు. ఇంగ్లీషు అక్షరాలు రానివాడు మనిషి కాడని దానర్థం. ఓటీపీ వచ్చే లోపల ముప్పై సెకన్ల గడియారం పరుగెడుతుంటుంది. డెబ్భై ఏళ్ళవాడు కళ్ళజోడు వెతుక్కునేసరికి గడువు తీరిపోతుంది. తరువాత పేరు గడులు. మొదటి పేరు, చివరి పేరు. మనకు ఇంటిపేరు మొదట వస్తుంది, తమిళనాట స్థిరపడినవారికి తండ్రి పేరు పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. పొడి అక్షరం రాస్తే "కనీసం రెండక్షరాలు ఉండాలి" అంటుంది. బడి సర్టిఫికెట్టులో ఒకటి, ఆధారులో ఒకటి, బ్యాంకులో ఒకటి. ఒకే మనిషి ముగ్గురవుతాడు, ఆ ముగ్గురూ ఒకరేనని నోటరీ దగ్గర ప్రమాణ పత్రం రాయించుకోవాలి.

తెలుగు అనువాదాల గురించి రాస్తే ఇంకో సంచిక కావాలి. ఒక్క మాట. "దిగుమతి చేయండి" అని మీట మీద చూసి మా వీధి దుకాణదారు, "నాకు దిగుమతి లైసెన్సు లేదండీ" అన్నాడు, హాస్యానికి కాదు. డౌన్‌లోడ్ అంటే అతనికి తెలుసు. జనం నోట నలిగిన మాటను తీసేసి నిఘంటువు మాట పెట్టడం సేవ అనుకునేవారు కోస్తాలో ఉన్నారు, మనలోనూ ఉన్నారు. మాటలు వినే యంత్రాలు ఇప్పుడు వస్తున్నాయి, వాటికీ ఇదే జబ్బు పట్టబోతోంది. యంత్రానికి ఏ నోళ్ళు వినిపించి నేర్పితే ఆ నోళ్ళే దానికి అర్థమవుతాయి. "యాడికి పోయేది" అనే హోసూరు నోరు, ఒడియా యాస కలిసిన బరంపురం నోరు, మరాఠీ మాటలు కలుపుకున్న షోలాపూర్ పద్మశాలీల నోరు దానికి వినిపించింది ఎవరు? ఈ పని ఇప్పుడు జరగకపోతే, పదేళ్ళ తరువాత తెలుగు యంత్రం మన తెలుగును "మళ్ళీ చెప్పండి" అంటుంది.

"మీరు కొద్దిమంది, ఖర్చు దండగ" అనే వాదనకు పైన కుప్పం ఎటిఎం జవాబు చెప్పింది. ఖర్చు ఎప్పుడో అయిపోయింది. మరొక వాదన కొంచెం పదునైనది, మన పొరుగువారి నుంచి వస్తుంది. ఇక్కడ ఉండి ఇక్కడి భాష నేర్చుకోరా అంటారు. నేర్చుకున్నాం. కన్నడ తెర మొదట ఉండాలి, తమిళ తెర మొదట ఉండాలి, దాని మీద నాకు పేచీ లేదు, ఆ భాషల ఉప్పు తిన్నవాళ్ళం. మడకశిరలో కన్నడం మాట్లాడే రైతుకు, నగరిలో తమిళం మాట్లాడే నేతగాడికి, ఇచ్ఛాపురంలో ఒడియా మాట్లాడే ఇల్లాలికి ఆంధ్రప్రదేశ్ యంత్రాలు వాళ్ళ భాష అడగడం లేదు. అది కూడా ఇంతే తప్పు. వాళ్ళ సంఘాలకూ మన సంఘాలకూ ఒకే కోరిక, ఒకే మహజరు చాలు. అందరూ కలిసి సంతకాలు పెడితే ఇది తెలుగు గోల అనే నోళ్ళు మూతపడతాయి.

చదువురాని కోట్ల మంది చేత తప్పులేకుండా పని చేయించుకునే ఏర్పాటు ఈ దేశానికి కొత్త కాదు. 1951-52 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. చీటీ మీద రాయడం కూడా అక్కర్లేదు, మెచ్చిన పెట్టెలో వేస్తే చాలు. ఇప్పటి ఓటు యంత్రం కూడా గుర్తు, పక్కన నీలం మీట, వెలిగే ఎర్ర దీపం, కూత, చూపులేనివారికి బ్రెయిలీ అంకె. దాని మీద ఇతరత్రా ఎన్ని వివాదాలున్నా, మా అవ్వ దాని ముందు ఎవరి చెయ్యీ అడగదు. ఓటు కావలసినప్పుడు ఆమెకు అర్థమయ్యే యంత్రం చేయడం వచ్చినవారికి, ఆమె పింఛను ఇచ్చేటప్పుడు రాకుండా పోవడం ఏమిటి?

బెంగుళూరులో, చెన్నైలో ఈ తెరలు గీసే ఆఫీసుల్లో కూర్చున్నవారిలో మన పిల్లలే వేలల్లో ఉన్నారు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళకు అరిసెలు పెట్టి ఈ సంగతి అడగండి. "మాకు పైనుంచి అలా చెబుతారు" అంటారు. పైవాడిది ఏ ఊరో కూడా అడగండి.

సంఘాల కార్యదర్శులకు నా మనవి. వచ్చే సభలో పాత తీర్మానం బదులు ఇది చదవండి: రాష్ట్రాన్ని బట్టి భాష తేల్చడం మానాలి. కార్డులో, ఖాతాలో మనిషి ఒకసారి చెప్పుకున్న భాష దేశమంతటా అతని వెంట నడవాలి. భాష వేరుగా, లిపి వేరుగా అడగాలి. అడిగినవారికి యంత్రం బిగ్గరగా చదివి వినిపించాలి. ఏ సర్కారీ గడీ భారతీయ లిపులను ప్రత్యేక చిహ్నాలని తిప్పి పంపకూడదు. దాని ప్రతి ఒకటి బ్యాంకుల ప్రాంతీయ కార్యాలయాలకు, ఒకటి రిజర్వు బ్యాంకుకు, ఒకటి భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపండి, తీర్పు తేదీ రాసి మరీ పంపండి. పాఠకులు కూడా ఊరికే ఉండవద్దు. మీ ఊళ్ళో ఎటిఎం ఏ భాషలు అడుగుతున్నదో, తాలూకా ఆఫీసు పేజీలో తెలుగులో ఒక వాక్యం రాస్తే ఏం జవాబిస్తున్నదో చూసి, తేదీ వేసి, ఒక కార్డు ముక్క మీద ఈ పత్రికకు రాయండి. తెలుగు లిపి రానివారు తమిళంలో, కన్నడంలో, ఒడియాలో, మరాఠీలో రాసినా సరే, చదివిపెట్టేవాళ్ళు ఇక్కడ ఉన్నారు.